గేదె దవడ కింద నీరు దిగిందంటే కాలవ గట్టున నత్తల్ని కూడా చూడాలి

కొల్లిపర వైపు నుంచి ఒక రైతు కొడుకు అడిగిన ప్రశ్నకి ఇది జవాబు. ముందు ఆయన రాసింది క్లుప్తంగా చెబుతాను. గ్రేడెడ్ ముర్రా గేదె, రెండో ఈత, ఈని నాలుగు నెలలైంది. సంక్రాంతి దాకా పూటకి ఐదు లీటర్లు ఇచ్చింది, ఇప్పుడు రెండున్నర దాటడం లేదు. దవడ కింద మెత్తటి వాపు వచ్చింది. సాయంత్రానికి పెరుగుతోంది, పొద్దుటికి కొంచెం తగ్గుతోంది. పేడ పల్చబడింది. ఐవర్‌మెక్టిన్ సూది వేయించారు, తర్వాత మందుల షాపులో ఇచ్చిన పురుగుల మందు తాగించారు. తేడా లేదు. పక్కింటి పెద్దాయన వాపు మీద వాత పెట్టించమంటున్నారు. అదే చావిట్లో ఒక ముసలి ఆవు నెలల తరబడి గురక పెడుతోంది, ముక్కు కారుతోంది. రెండింటిదీ ఒకటే జబ్బా, ఈ గేదె పాలు ఇంట్లో పిల్లలకి పట్టొచ్చా అని అడిగారు.

నేను కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పశువైద్యుడిగా పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను. పశువుని చూడకుండా ఇదే జబ్బని తేల్చి చెప్పడం సరికాదు. కానీ మీరు చెప్పిన లక్షణాలు, మీ ఊరు, ఈ నెల మూడూ కలిపి చూస్తే నా అనుమానం మొదట కార్జపు జలగ మీదకే, అంటే కార్జంలో (లివర్లో) చేరే ఆకులాంటి పురుగు మీదకే పోతుంది. ఆవుది కూడా జలగ జబ్బే కావచ్చు గానీ జలగ వేరు, మందు వేరు.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. గేదెకి ఆసనంలో థర్మామీటరు పెట్టి జ్వరం చూడండి. దవడ కింద వాపు అనగానే మా మనసుకి మొదట తట్టేది గొంతువాపు వ్యాధి. మన వైపు గురక రోగం అని కూడా దాన్నే అంటారు, మీ ఆవు గురకకీ దానికీ సంబంధం లేదు. గొంతువాపులో జ్వరం 104 నుంచి 107 డిగ్రీల దాకా పోతుంది, వాపు వేడిగా, గట్టిగా ఉంటుంది, ముట్టుకుంటే పశువు ఓర్చుకోదు. చొంగ కారుతుంది, ఊపిరి ఆడదు, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది. అదైతే ఈ జవాబు చదువుతూ కూర్చోకండి, వెంటనే పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయండి. మీ గేదె వారాల తరబడి ఇలాగే ఉందంటున్నారు కాబట్టి అది అయ్యే అవకాశం తక్కువ, అయినా థర్మామీటరు పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. జ్వరం లేకపోతే వాపు మీద బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టి వదలండి. జలగ వాపైతే చల్లగా ఉంటుంది, గేదె కదలకుండా నిలబడుతుంది, వేలు తీశాక గుంట అలాగే కాసేపు నిలిచిపోతుంది. తర్వాత కంటి కింది రెప్పని కిందికి లాగి లోపలి పొర చూడండి. ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోయి ఉంటే రక్తం తగ్గిపోయిందని అర్థం.

ఇంకొకటి కూడా చూసుకోండి. వాపు దవడ కింద కంటే రొమ్ము దగ్గర ఎక్కువగా ఉండి, మెడ పక్కన నరం ఉబ్బి, మోచేతులు బయటికి పెట్టి నిలబడుతూ, నడవాలంటే మూలుగుతుంటే ఇనప మేకో తీగముక్కో మింగి గుండె దాకా పోయి ఉండొచ్చు. దానికి జలగ మందు పోసి లాభం లేదు, డాక్టరు దగ్గరుండి చూడాల్సిందే.

వాత మాత్రం పెట్టించకండి. పెద్దాయన మంచికే చెప్పి ఉంటారు గానీ ఆ వాపులో చీమూ లేదు, చెడు రక్తమూ లేదు, ఉన్నదంతా నీళ్ళు. జలగలు కార్జంలోని పిత్తనాళాల్లో చేరి రక్తం పీలుస్తాయి, కార్జాన్ని పాడుచేస్తాయి. రక్తంలో నీటిని పట్టి ఉంచే మాంసకృత్తులు తగ్గిపోతాయి. అప్పుడు ఆ నీరు రక్తనాళాల్లోంచి కారి, శరీరంలో పల్లంగా ఉన్న చోటికి చేరుతుంది. పశువు పగలంతా తల వంచి మేస్తుంది కాబట్టి ఆ పల్లం దవడ కిందే. అందుకే సాయంత్రానికి పెరిగి, రాత్రి తల ఎత్తి పడుకున్నాక పొద్దుటికి తగ్గినట్టు కనిపిస్తుంది. దాన్ని కాల్చినా, సూదితో పొడిచి నీరు తీసినా మర్నాటికి మళ్ళీ నిండుతుంది. పైగా ఒంట్లో మాంసకృత్తులు లేని పశువుకి కాలిన పుండు త్వరగా మానదు, దాని మీద ఈగలు వాలి పురుగులు పడతాయి.

ఇప్పుడు మందు సంగతి. డెల్టాలో రైతులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. మనం పురుగుల మందు అని ఒకటే మాట అంటాం గానీ కడుపులో పురుగులు మూడు రకాలు. గుండ్రంగా దారంలా ఉండేవి, టేపులా ఉండే బద్దెపురుగులు, ఆకులా బల్లపరుపుగా ఉండే జలగలు. ఒక రకానికి పనిచేసే మందు ఇంకో రకానికి పనిచేయాలని లేదు. ఐవర్‌మెక్టిన్ గుండ్రటి పురుగులకి, గజ్జికి, పేలకి మంచి మందు. జలగని అది ఏమీ చేయదు. ఫెన్‌బెండజోల్ మామూలుగా ఇచ్చే డోసులో అదీ అంతే. ఆల్బెండజోల్ గుండ్రటి పురుగులకి వాడే డోసు కంటే ఎక్కువ ఇస్తే జలగ మీద పనిచేస్తుంది, అయితే ముదిరిన జలగల మీద మాత్రమే. చూడి కట్టిన తొలి రోజుల్లో అది వేస్తే దూడకి అవకరం రావచ్చు. మీరు తాగించిన సీసా ఇంకా ఉంటే దాని మీద చిన్న అక్షరాల్లో రాసిన మందు పేరు చదవండి. రెండుసార్లు పురుగుల మందు వేసినా గేదె కోలుకోలేదంటే జబ్బు మొండిదని అనుకోవాల్సిన పని లేదు. దానికి తగిలే మందు ఇంకా పడలేదు, అంతే.

పాలిచ్చే గేదెకి నేనైతే ఆక్సీక్లోజనైడ్ వైపు మొగ్గుతాను. కిలో బరువుకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, నోటి ద్వారా. చూడి పశువుకీ ఇవ్వొచ్చు. వేసిన తర్వాత ఒకటి రెండు రోజులు పేడ ఇంకా పల్చబడవచ్చు, కంగారు పడొద్దు. దీనికి ఉన్న లోటు ఏమిటంటే ఇది పెద్ద జలగలనే చంపుతుంది, కార్జం కండలో ఇంకా తొలుచుకుంటూ తిరిగే పిల్ల జలగల్ని వదిలేస్తుంది. అవి ఎదిగి పిత్తనాళాల్లోకి చేరాక మళ్ళీ ఇవ్వాలి, అంటే రెండున్నర మూడు నెలలకి రెండో డోసు తప్పదు. పిల్ల జలగల్ని కూడా చంపే మందు ట్రైక్లాబెండజోల్. ఆవుకి కిలోకి 12 మిల్లీగ్రాములు సరిపోతే గేదె ఒంట్లో ఆ మందు అంతగా నిలవదు కాబట్టి 24 దాకా ఇవ్వాల్సి వస్తుంది. ఆవు డోసు గేదెకి పోసి మందు పనిచేయలేదని తిట్టుకునేవాళ్ళని చాలామందిని చూశాను. అయితే పాలిచ్చే పశువుకి దాన్ని వాడకూడదు, మందు పాలల్లోకి వస్తుంది. మీ గేదె వట్టిపోయాక, ఈనడానికి చాలా ముందే, డాక్టరుని అడిగి అప్పుడు వేయించండి. ఏ మందైనా పాలు ఎన్ని రోజులు ఆపాలో డబ్బా మీద రాసి ఉంటుంది, ఆ మాట పాటించండి.

డోసు అంటే బరువు తెలియాలి. కళ్ళతో చూసి మూడొందల కిలోలు ఉంటుందిలే అనుకుంటారు, నిజానికి ఐదొందలు దాటుతుంది. చావిట్లో కాటా ఉండదు కాబట్టి దర్జీ టేపు తీసుకోండి. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో కొలవండి. భుజం మొన నుంచి తోక మొదట్లోని ఎముక దాకా పొడవు కొలవండి. చుట్టుకొలతని చుట్టుకొలతతో హెచ్చించి, దాన్ని పొడవుతో హెచ్చించి, 660తో భాగించండి. కిలోలు వస్తాయి. చుట్టుకొలత 78, పొడవు 56 అయితే 516 కిలోలు. అలాంటి గేదెకి 300 కిలోల డోసు పోస్తే కొన్ని జలగలు చస్తాయి, మిగిలినవి ఆ మందుకి అలవాటు పడతాయి.

తాగించే తీరు కూడా చెప్పాలి, ఎందుకంటే మందు సరైనదే అయినా తాగించడంలో ప్రాణం తీసుకున్న పశువులున్నాయి. గొట్టం పట్టుకునేటప్పుడు తల మరీ పైకి ఎత్తకండి, మూతి వీపుకి సమానంగా ఉంటే చాలు. నాలుకని పట్టి బయటికి లాగొద్దు. దవడ పక్క నుంచి కొంచెం పోసి, మింగిందని గొంతు కదలిక చూసి మళ్ళీ పోయండి. దగ్గు వస్తే ఆపి తల వదిలేయండి. ఊపిరితిత్తుల్లోకి పోయిన మందు నిమోనియా తెస్తుంది, దాన్ని బాగుచేయడం జలగని బాగుచేయడం కంటే కష్టం.

మందుతోబాటు మేత. కార్జం టానిక్కులు ఇవ్వొద్దనను, అవి జలగని చంపవని గుర్తుంచుకుంటే చాలు. ఒంట్లో తగ్గిపోయిన మాంసకృత్తులు తిరిగి రావాలంటే తవుడుతో సరిపెట్టకండి, తెలగపిండి గానీ పత్తిచెక్క గానీ కలిపిన దాణా పెట్టండి, ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వండి. వరి కోతయ్యాక చల్లిన జనుము, పిల్లిపెసర దొరికితే ఇంకా మంచిది. రెప్ప బాగా తెల్లబడి ఉంటే ఐరన్ సూదుల సంగతి డాక్టరు చూసుకుంటారు. వాపు రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. పాలు మాత్రం ఈ ఈతలో పూర్తిగా పాత స్థాయికి వస్తాయని నేను మాట ఇవ్వను, దెబ్బతిన్న కార్జం నిదానంగా కోలుకుంటుంది.

పేడ పరీక్ష చేయించమని అడగండి, కానీ అడిగే పద్ధతి ఒకటుంది. ఆసనం నుంచి తీసిన తాజా పేడ నిమ్మకాయంత శుభ్రమైన డబ్బాలో పెట్టి, ఎండ తగలకుండా మైక్రోస్కోపు ఉన్న పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఉప్పునీళ్ళలో కలిపి పైకి తేలిన గుడ్లని చూసే పరీక్ష గుండ్రటి పురుగులకి బాగుంటుంది. జలగ గుడ్లు బరువు, అవి అడుక్కి పోతాయి. అందుకని సెడిమెంటేషన్ చేసి అడుగున పేరుకున్నది చూడమని చెప్పండి. పేడని నీళ్ళలో కలిపి వడకట్టి, కాసేపు నిలవనిచ్చి పై నీళ్ళు వంచేసి, మళ్ళీ నీళ్ళు పోసి అలా మూడు నాలుగుసార్లు చేస్తే అడుగున సన్నటి మడ్డి మిగులుతుంది. దాన్ని మైక్రోస్కోపు కింద పెడితే కార్జపు జలగ గుడ్డు పైత్యరసం పట్టి బంగారు పసుపు రంగులో కనిపిస్తుంది, పొట్టలో ఉండే ఇంకో రకం, పొట్ట జలగ, దాని గుడ్డు ఆకారంలో అలాగే ఉన్నా రంగు లేకుండా తేటగా ఉంటుంది. ఒకసారి గుడ్లు కనబడలేదని జబ్బు లేదనుకోకండి. గుడ్లు పిత్తాశయంలో నిలవ ఉండి విడతలు విడతలుగా వస్తాయి. అంతకంటే ముఖ్యం, మన ప్రాంతంలో ఉండే పెద్ద జలగ, ఫాసియోలా జైగాంటికా, పశువు కడుపులో పడ్డాక గుడ్డు పెట్టడానికి మూడు నెలల పైనే పడుతుంది. ఆ మూడు నెలలూ అది కార్జాన్ని తొలుస్తూనే ఉంటుంది, పేడలో మాత్రం ఏమీ కనబడదు. ఈ జలగ ఏడు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. జబ్బు పాతదైన ఆవు కార్జాన్ని కోస్తే నాళాలు సున్నం పట్టి గట్టిపడి కత్తి కింద గరగరమంటాయి.

ఆ మూడు నెలలు వెనక్కి లెక్కపెట్టండి. మీ గేదె పాలు సంక్రాంతి తర్వాత తగ్గాయి, అంటే జలగ నోట్లో పడింది అక్టోబరు, నవంబరు ప్రాంతంలో. అప్పుడు గేదె ఏం తిందో, ఎక్కడ మేసిందో గుర్తు చేసుకోండి. కాలవ గట్టు గడ్డి, బోదె పక్క గడ్డి, ఆ తర్వాత కోసిన చేలో కొయ్యకాళ్ళ మధ్య మేత. అవునా?

జలగకి నేరుగా పశువు నుంచి పశువుకి పోయే దారి లేదు, మధ్యలో నత్త కావాలి. పేడలోని గుడ్డు నీళ్ళలో పడి, మన వేడికి రెండు వారాల్లో పొదుగుతుంది. అందులోంచి వచ్చిన పిల్ల ఒక రోజు లోపల తగిన నత్తని పట్టుకోవాలి, లేకపోతే చచ్చిపోతుంది. నత్త దొరికితే దాని ఒంట్లో నెలా నెలన్నర పాటు పెరిగి, ఒక్కటి కాస్తా వందలై బయటికి వస్తాయి. తోకలు ఆడిస్తూ ఈది, నీటి మట్టం దగ్గర గడ్డికో వరి కాడకో అంటుకుని, తోక వదిలేసి చుట్టూ గట్టి పొర కట్టుకుంటాయి. కంటికి కనిపించవు. ఆ గడ్డి తిన్న పశువు కడుపులో పొర కరిగి, పేగు తొలుచుకుని కార్జానికి చేరతాయి. కాలవలకి నీళ్ళు వదిలే జూన్, జులై నుంచి కోతల దాకా ఈ పని సాగుతూనే ఉంటుంది. ప్రకాశం బ్యారేజీ నుంచి ఇటు తెనాలి, దుగ్గిరాల, అటు బందరు కాలవ, ఏలూరు కాలవ కింద ఊళ్ళన్నిటికీ ఇదే వరస. పల్నాడు మెట్ట రైతుకి ఈ జబ్బు అంతగా తెలియకపోవడం, డెల్టా రైతుకి తరతరాలుగా తెలిసి ఉండడం నీళ్ళ వల్లే. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణ, బుడమేరు పొంగినట్టు పొంగితే నత్తలు, గుడ్లు అంతకు ముందు లేని పొలాలకీ కొట్టుకుపోతాయి. అలాంటి ఏడు ఇంకా జాగ్రత్త కావాలి.

నత్తల్ని మీరే చూడొచ్చు. పొద్దున్నే గట్టుకి వెళ్ళి నీటి అంచున ఉన్న గుర్రపుడెక్క ఆకు ఒకటి తిరగేయండి. పల్చటి, లేత గోధుమ రంగు గుల్ల, ఒక కొస సూదిగా ఉండి నోరు వెడల్పుగా చెవి ఆకారంలో విచ్చుకుని ఉంటుంది. కొస పైకి, నోరు మీ వైపుకి ఉండేటట్టు పట్టుకుంటే ఆ నోరు కుడిచేతి వైపు ఉంటుంది. అది లిమ్నియా, కార్జపు జలగని మోసేది అదే. వేలితో నొక్కితే పిండి అయిపోయేంత సున్నితం. ఆకు కింద జిగురు పట్టీలా అంటుకుని ఉండేవి దాని గుడ్లు. దాని పక్కనే, ముఖ్యంగా చెరువుల్లో, కుంటల్లో, ముదురు రంగులో బిళ్ళలా చుట్ట చుట్టుకుని రెండు వైపులా గుంట పడ్డ నత్త ఇంకొకటి దొరుకుతుంది. దాని పేరు ఇండోప్లానార్బిస్. మీ ఆవు గురక సంగతి దీని దగ్గరికే వస్తుంది. చేలల్లో ఏరుకుని కొందరు కూర వండుకునే పెద్ద నత్త ఈ జలగల్ని మోసేది కాదు, దాన్ని చూసి భయపడొద్దు. నత్తల్ని ఉత్త చేతులతో ఏరకండి, పుల్లతో తిప్పి చూస్తే చాలు.

నత్తల్ని మందు కొట్టి చంపొచ్చు కదా అంటారు. మైలుతుత్తం చల్లమనే సలహా పాత పుస్తకాల్లో ఉంటుంది. మన కాలవల్లో చల్లకండి. చేపలు చస్తాయి, గొర్రెలకి రాగి విషం, కింద ఊళ్ళవాళ్ళు ఆ నీళ్ళే తాగుతారు. పైగా పారే నీళ్ళలో మందు నిలవదు, పై నుంచి కొత్త నత్తలు వస్తూనే ఉంటాయి. బాతులు నత్తల్ని బాగా తింటాయి. మీ సొంత కుంట ఉంటే, కోతల తర్వాత బాతుల మందలవాళ్ళు వచ్చినప్పుడు దింపించుకోండి. ఇండోనేషియాలో వరి పొలాల దగ్గర పశువుల పేడలో బాతుల పెంట కలిపి వేసి చూశారు. బాతుల జలగ పిల్లలు నత్తలోకి ముందు చేరి పశువుల జలగ పిల్లల్ని ఎదగనివ్వవు. చదివినప్పుడు నాకు ఎంతో ముచ్చటేసింది. మన దగ్గర ఎవరైనా ఓపిగ్గా ప్రయత్నించాల్సిన పని అది.

మీ చేతిలో ఉన్నది మేత, నీళ్ళు, మందు వేసే తేదీ. గడ్డి కోసేటప్పుడు నీటిలో మునిగిన మొదళ్ళు వదిలేసి పైభాగం కోయండి, జలగ పొరలు ఎక్కువగా ఉండేది అడుగునే. కొత్త వరిగడ్డిని పచ్చిగా పెట్టకండి. మూడు రోజులు మంచి ఎండలో తిరగేస్తూ ఆరబెట్టి వాము వేసి, పాత గడ్డి ఉన్నంతకాలం అదే పెట్టండి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నీళ్ళలో పడిపోయింది చూడండి, అలా నానిన గడ్డిని ఆరకుండా వాము వేస్తే బూజూ ఉంటుంది, జలగా ఉంటుంది. తాగే నీళ్ళు బోరు నుంచి తొట్టిలోకి పట్టండి. గేదెకి ఎండాకాలం నీళ్ళలో పొర్లాల్సిందే అంటారు, నిజమే, దానికి ఒళ్ళు చల్లబడాలి. పైపుతో రోజుకి రెండుమూడుసార్లు తడిపినా ఆ పని జరుగుతుంది. పేడ మాత్రం కాలవ గట్టున పోయకుండా గుంటలో వేసి మాగనివ్వండి, మాగే పెంట వేడికి గుడ్లు చస్తాయి.

తేదీ సంగతి అన్నిటికంటే గట్టిగా చెబుతాను. ఏడాదికి ఒక్కసారి మాత్రమే జలగ మందు వేయగలిగితే మే నెలలో, కాలవలకి నీళ్ళు రాకముందు వేయండి. అప్పటికి పశువులో ఉన్నవన్నీ దాదాపు పెద్ద జలగలే, చవక మందుకీ చస్తాయి. నీళ్ళు వచ్చేసరికి పేడలో గుడ్లు ఉండవు, కొత్త నత్తలకి జబ్బు అంటదు. ఆ డోసు మీ గేదె కోసం ఎంతో మీ కాలవ కోసం అంత. అందుకని ఒక్క ఇంటివాళ్ళు వేస్తే చాలదు. రైతు సేవా కేంద్రంలో అడిగి, వీధి మొత్తానికి ఒకే వారంలో వేయించండి. ఎదురింటి గేదెలు గుడ్లు వేస్తుంటే మీ జాగ్రత్త సగం వృథా. రెండో డోసు జనవరి, ఫిబ్రవరిలో, కోతల్లో తిన్నవి ఎదిగాక. గొంతువాపు టీకా కూడా వానలకి ముందే వేయించాలి కాబట్టి మేలో రెండూ చూసుకోండి.

ఇక ఆవు. జ్వరం లేకుండా నెలల తరబడి గురక, ముక్కు నుంచి చిక్కటి చీమిడి, అప్పుడప్పుడు రక్తపు చార ఉంటే ముక్కు జలగ, శిస్టోసోమా నాసేల్, అని అనుమానించాలి. దీన్ని 1933లో వర్ణించి పేరు పెట్టినది మద్రాసులో పనిచేసిన రావు అనే శాస్త్రవేత్త. ఇది ముక్కు లోపలి రక్తనాళాల్లో ఉంటుంది. దాని గుడ్ల చుట్టూ కండ పెరిగి కాలీఫ్లవర్ మాదిరిగా గడ్డలు కడుతుంది, గాలి ఆ గడ్డల మధ్య నుంచి పోతూ గురకగా వినబడుతుంది. టార్చి వేసి ముక్కులోకి చూస్తే ముదిరిన వాటిలో గడ్డలు కనిపిస్తాయి. ముక్కులో నీటి జలగ పట్టుకున్నా రక్తం వస్తుంది, అది కూడా చూడాలి. చీమిడిని, గడ్డ మీద గీరిన దాన్ని పరీక్షకి పంపితే రెండు కొసలూ వంగిన బూమరాంగ్ ఆకారపు గుడ్లు కనబడతాయి. దీనికి ఆక్సీక్లోజనైడ్ పనిచేయదు. ఆంటిమొనీ ఉన్న సూదిమందు వారానికొకటి చొప్పున కండలో లోతుగా వేస్తారు, ప్రాజిక్వాంటెల్ కూడా వాడతారు. రెండూ డాక్టరు చేతుల మీదుగానే జరగాలి. గన్నవరం పశువైద్య కళాశాల మీకు మరీ దూరం కాదు, అనుమానం తీరకపోతే అక్కడికి తీసుకెళ్ళండి.

ఈ ముక్కు జలగ మేతలో రాదు. బిళ్ళ నత్త నుంచి బయటికొచ్చిన పిల్ల నీళ్ళలో నిలబడ్డ పశువు చర్మం తొలుచుకుని లోపలికి పోతుంది. కాబట్టి గడ్డి ఎంత ఆరబెట్టినా దీన్ని ఆపలేం, కుంటలోకి దింపడం మానాలి. ఇంకో విషయం. గేదెలకి ఈ జలగ ఉన్నా చాలావాటికి గురక రాదు, గడ్డలు కట్టవు. చూడ్డానికి బాగున్న గేదె కుంటలో ముక్కు చీదుతూ గుడ్లు వదులుతుంటుంది, జబ్బు కనిపించేది పక్కన నిలబడ్డ ఆవులో. అందుకని పరీక్ష ఆవుతోబాటు గేదెలకీ చేయించండి.

మీరు అడగలేదు గానీ దూడలు, పడ్డలు, గొర్రెపిల్లలు ఉంటే వాటి గురించి ఒక మాట. నీళ్ళు తగ్గి కుంటలు ఎండే రోజుల్లో అంచుల్లో మేసినవాటికి నీళ్ళలాంటి కంపు పారుడు పట్టుకుని గబగబా చిక్కిపోతే పొట్ట జలగ పిల్లలు కావచ్చు. కోతల తర్వాత పొలంలో మంద కట్టించే గొర్రెల్లో ఇది ఒక్కసారిగా చాలావాటికి వస్తుంది. అవి చిన్నపేగులో ఉండే పిల్ల జలగలు కాబట్టి పేడలో గుడ్లు కనిపించవు. ఆ పారిన పేడని నీళ్ళలో కడిగి నల్లటి పళ్ళెంలో పోసి చూస్తే లేత గులాబీ రంగు నలుసులు కదలడం కనిపించవచ్చు. ఆక్సీక్లోజనైడ్‌నే కొంచెం ఎక్కువ డోసులో మూడు రోజుల తేడాతో రెండుసార్లు ఇస్తారు. ఆలస్యం చేస్తే పిల్లలు దక్కవు.

పిల్లలకి పాలు పట్టొచ్చా అన్నారు. జలగ పాలల్లోంచి రాదు, పేడ ముట్టుకుంటే రాదు. మందు వేసిన తర్వాత డబ్బా మీద రాసిన రోజులు ఆపి, ఆ తర్వాత ఎప్పటిలా కాచి పట్టండి. కార్జపు జలగ మనుషులకీ వస్తుంది గానీ దారి వేరు, నీళ్ళలో పెరిగిన ఆకుల్ని పచ్చిగా తింటే, కాలవ నీళ్ళు కాచకుండా తాగితే. తూటికూర లాంటివి కాలవలో కోసుకొస్తే బాగా ఉడికించి తినండి. మీ అమ్మగారు నాట్లకి వెళ్ళొచ్చిన రోజు పిక్కల మీద ఎర్రటి దద్దుర్లు, దురద వస్తే అది ఈ ముక్కు జలగ జాతి పిల్లలు చర్మంలోకి దూరబోయి అక్కడే చచ్చిపోవడం వల్ల కావచ్చు. మనిషి ఒంట్లో అవి ఎదగవు. చేలో నుంచి రాగానే కాళ్ళు శుభ్రమైన నీళ్ళతో కడిగి పొడిగుడ్డతో గట్టిగా తుడుచుకోమనండి. దురద రోజుల తరబడి ఉంటే చర్మం డాక్టరుకి చూపించండి.